తఖాజా లేని ఖర్జ్

తెలుగులో "తగాదా" అంటే కొట్లాట. పొలం తగాదా, అన్నదమ్ముల తగాదా, నల్లా దగ్గర తగాదా. కానీ ఈ లఫ్జ్ పుట్టిల్లు వేరు. ఉర్దూలో "తఖాజా" అంటే ఇచ్చిన ఖర్జ్ వాపస్ ఇవ్వమని గట్టిగా అడగడం. సాహుకార్ ఇంటి ముందుకొచ్చి "మియా, మా పైసలు ఎప్పుడిస్తవ్?" అంటే అదీ తఖాజా. అడిగేవాడు అడగడం, ఇవ్వలేనివాడు నసగడం, మాటకు మాట పెరగడం. ఇదంతా చూసిన మన జనం చివరికి ఆ లఫ్జ్‌ను కొట్లాట కిందే ఖాయం చేసుకున్నరు.

పత్రిక డెస్కులో షేర్ బాజార్ ఖబర్లు తర్జుమా చేసేటప్పుడు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టిన మాటలు రెండు. ఒకటి "లీవరేజ్". దీనికి డిక్షనరీ "పరపతి" అని చెబుతది. ఊళ్లో పలుకుబడి ఉన్నోణ్నీ పరపతి ఉన్నోడంటం, అప్పులిచ్చే సంఘాన్నీ పరపతి సంఘం అంటం కాబట్టి ఫరవాలేదు, అప్పు దొరికినోడికే బలం. రెండోది "మార్జిన్ కాల్". దీనికి తెలుగులో సరైన మాట లేదు. ఉర్దూ మీడియంలో చదివినోణ్ని కాబట్టి నాకు మాత్రం వెంటనే తట్టేది తఖాజాయే. మీరు అప్పు తెచ్చి కొన్న సరుకు ధర పడిపోతున్నది, ఇంకొన్ని పైసలు కట్టండి, లేకపోతే మేమే అమ్మేస్తం అని బ్రోకర్ చేసే ఫోన్. ఇది తఖాజా కాక మరేంటి?

కొన్నేళ్ల కింద క్రిప్టో బాజార్‌లోకి ఒక కొత్త సరుకు వచ్చింది. దాని పేరు లీవరేజ్డ్ టోకెన్. దాని ఇష్తెహార్ సారాంశం ఒక్కటే: ఖర్జ్ బలం మీకుంటది, తఖాజా మాత్రం రాదు. ఆ వాదా ఎక్కడి నుంచి వచ్చింది, దాని లోపలి హిసాబ్ ఏంటి, చివరికి ఏమైంది అన్నదే ఈ ఖిస్సా.

బయానా నుంచి బద్లా దాకా

ముందు లీవరేజ్ సంగతి. ఇది మనకు కొత్తదేం కాదు. రూ.10 లక్షల ప్లాటుకు రూ.1 లక్ష బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటం. రిజిస్ట్రేషన్‌కు మూడు నెలల గడువు. ఈలోగా ప్లాటు ధర రూ.11 లక్షలైతే అగ్రిమెంట్‌ను ఇంకొకరికి అమ్మేస్తం. ధర పెరిగింది పది శాతమే, కానీ మన లక్ష రెండు లక్షలైంది. అదే ధర రూ.9 లక్షలకు పడితే? పడింది పది శాతమే, మన బయానా మొత్తం పాయె. ఇది పది రెట్ల లీవరేజ్. హైదరాబాద్ రియల్ ఎస్టేట్ దలాల్లు ఈ బయానాను "టోకెన్ అడ్వాన్స్" అంటరు. లీవరేజ్ అన్న మాట విననోళ్లు కూడా ఆ టోకెన్ ఇచ్చిండ్రు, పుచ్చుకున్నరు.

ఈ ఆటలో ఊరికి ఊరే మునిగిన తారీఖ్ ఒకటి మన దేశంలోనే ఉంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి దక్షిణాది రేవులు మూతపడి ఇంగ్లాండ్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. ఇంగ్లాండ్ చూపు బొంబాయి మీద పడ్డది. పత్తి ధర ఆకాశానికెక్కింది, బొంబాయిలో సొమ్ము వరదైంది. ఆ సొమ్ముతో లెక్కలేనన్ని కంపెనీలు పుట్టుకొచ్చినయ్. సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తనన్న బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ షేరు రూ.5,000 నుంచి రూ.50,000 దాకా పోయింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ మాటకు ఎదురులేని రోజులు. బ్యాంక్ ఆఫ్ బాంబే షేర్లనే జమానత్‌గా పెట్టుకుని అప్పులిచ్చింది. చేతిలో పైసా లేనోళ్లు కూడా "జూలై 1న ఇచ్చిపుచ్చుకుందాం" అని వాయిదా సౌదాలు చేసుకున్నరు.

1865 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధం ఆఖరైంది. పత్తి ధర కూలింది. 1865 జూలై 1 వచ్చేసరికి ఊళ్లో అందరూ అందరికీ బాకీ. ఒకే రోజు నగరం మొత్తానికీ తఖాజా వచ్చిందన్నమాట. వ్యాపార కుటుంబాలు వరసగా దివాలా తీసినయ్. బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా ఆ దెబ్బకు నిలబడలేకపోయింది.

అయినా బాజార్ షౌక్ తగ్గలేదు, రూపం మార్చుకుంది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో దశాబ్దాల పాటు నడిచిన "బద్లా" దాని ఇంకో రూపం. ఈ సెటిల్‌మెంట్‌లో పైసలు కట్టలేనోడు తన సౌదాను వచ్చే సెటిల్‌మెంట్‌కు జరుపుకోవచ్చు. అందుకు బద్లా చార్జీ కట్టాలె. మామూలుగా కొన్నోడు కడతడు. అమ్మి షేర్లు ఇవ్వలేనోళ్లు ఎక్కువైతే మాత్రం అమ్మినోడే ఎదురు కట్టాలె, దాన్ని "ఊంధా బద్లా" అనేవాళ్లు. మన చేబదులు, ఆఫీస్ బదిలీ, బొంబాయి బద్లా, ఈ మూడూ ఒకే ఖాందాన్ లఫ్జులు. కుంభకోణాల మీద కుంభకోణాలైన తర్వాత 2001 జూలైలో సెబీ బద్లాకు తాళం వేసింది.

యంత్రం చేసే తఖాజా

తాళం పడింది బొంబాయిలో. అదే ఆలోచన పదిహేనేళ్లకు క్రిప్టోలో ఇంకో తలుపు తెరుచుకుంది. 2016లో బిట్‌మెక్స్ అనే ఎక్స్ఛేంజ్ బిట్‌కాయిన్ మీద "పర్పెచువల్ స్వాప్" అనే సౌదా తెచ్చింది. మత్లబ్, గడువు తారీఖ్ అసలే లేని వాయిదా సౌదా. ప్రతి 8 గంటలకొకసారి ఒక పక్షం ఇంకో పక్షానికి చార్జీ కడుతది. కొనేవాళ్ల జోరు ఎక్కువుంటే కొన్నోళ్లు కట్టాలె, అమ్మేవాళ్ల జోరు ఎక్కువుంటే అమ్మినోళ్లు కట్టాలె. బద్లా, ఊంధా బద్లా తెలిసినోళ్లకు ఇది పాత ముఖమే.

కొత్తది రెండు సంగతుల్లో ఉంది. ఒకటి, 100 రెట్ల దాకా లీవరేజ్. అంటే ధర ఒక్క శాతం ఎదురు తిరిగితే చాలు, పెట్టిన జమా సాఫ్. రెండు, తఖాజా చేసే మనిషి మాయమైండు. పాత బ్రోకర్ ఫోన్ చేసేటోడు, తిట్టేటోడు, "పొద్దుగాల బ్యాంకు తెరవంగనే కడతా భాయ్" అంటే ఒక్కోసారి ఆగేటోడు. ఇక్కడ ధర హద్దు తాకిన క్షణంలో యంత్రమే మీ సౌదాను అమ్మేస్తది. దీన్నే లిక్విడేషన్ అంటరు. రాత్రి పడుకునేటప్పుడున్న జమా తెల్లారేసరికి లేకపోవడం క్రిప్టో కుర్రోళ్లకు మామూలైంది. బిట్‌కాయిన్‌కు రాత్రి లేదు, ఆదివారం లేదు.

ఈ లిక్విడేషన్ ఖౌఫ్‌లోంచే కొత్త సరుకుకు గిరాకీ పుట్టింది.

టోకెన్ లోపలి హిసాబ్

2019లో సామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ పెట్టిండు. అదే ఏడాది అది లీవరేజ్డ్ టోకెన్లను బాజార్‌లోకి దింపింది. "బుల్" టోకెన్ బిట్‌కాయిన్ ఒక రోజులో ఎంత పెరిగితే దానికి 3 రెట్లు పెరుగుతది. "బేర్" టోకెన్ బిట్‌కాయిన్ పడితే దానికి 3 రెట్లు పెరుగుతది. మార్జిన్ ఖాతా అక్కర్లేదు, జమానత్ లెక్కలు అక్కర్లేదు. మామూలు కాయిన్ లెక్కనే కొని వ్యాలెట్‌లో పెట్టుకోవచ్చు. మీరు పెట్టిన దానికంటే ఎక్కువ ఎన్నడూ పోదు. ఈ చివరి మాట నిజమే, దాన్ని తక్కువ చేయలేం. బొంబాయిలో సౌదా తప్పినోళ్ల ఇండ్లు కూడా పోయినయ్.

కానీ ఖర్జ్ లేకుండా 3 రెట్లు రాదు కదా? ఆ ఖర్జ్ టోకెన్ లోపల ఉంది. మీ పేరు మీద కాదు, టోకెన్ పేరు మీద. మరి తఖాజా? అదీ లోపలే ఉంది. హిసాబ్ వేసి చూద్దాం.

బిట్‌కాయిన్ ధర 100 అనుకోండి. మీరు 100 రూపాయలు పెట్టి 3 రెట్ల బుల్ టోకెన్ కొన్నరు. టోకెన్ లోపల 300 రూపాయల సౌదా నడుస్తున్నది. ఈరోజు ధర 20 శాతం పడి 80 అయింది. నుక్సాన్ 60, మీ టోకెన్ విలువ 40. కానీ లోపల సౌదా ఇంకా 240 ఉంది. 40 జమా మీద 240 సౌదా అంటే 6 రెట్లు. టోకెన్ వాదా 3 రెట్లే కాబట్టి సౌదాను 120కి దించాలె. అంటే ధర పడి ఉన్నప్పుడే 120 రూపాయల సరుకు అమ్మెయ్యాలె. దీన్ని "రీబ్యాలెన్స్" అంటరు.

రెండో రోజు ధర 25 శాతం పెరిగి మళ్లా 100కు వచ్చింది. బిట్‌కాయిన్ ఉన్నోడికి నఫా లేదు, నుక్సాన్ లేదు. మీ టోకెన్ 75 శాతం పెరిగింది, కానీ 40 మీద. అంటే 70. ముప్పై రూపాయలు ఎటు పాయె? నిన్న 120 రూపాయల సరుకును కింది ధరకు అమ్మేసిండ్రు. దాని మీద ఈరోజు రావలసిన 25 శాతమే ఆ 30.

ఇప్పుడు బేర్ టోకెన్ కొన్నోడిని చూడండి. మొదటి రోజు అతని 100 కాస్తా 160 అయింది. రెండో రోజు 75 శాతం పోయి 40 మిగిలింది. పెరుగుతదన్నోడికి 70, పడుతదన్నోడికి 40. ధర మాత్రం పుట్టిన చోటే ఉంది. ఇద్దరూ నుక్సానే.

చిన్నప్పుడు మా రియాజీ పుస్తకంలో రెండు రకాల సూద్ ఉండేది, ముఫ్రద్ సూద్, మురక్కబ్ సూద్. తెలుగుకు వచ్చినంక మురక్కబ్‌ను చక్రవడ్డీ అంటరని తెలిసింది. టోకెన్ లోపల తిరిగేది ఆ చక్రమే. ధర ఒకే దిక్కుకు పోతున్నంతసేపు అది మీకోసం తిరుగుతది. వరసగా మూడు రోజులు పది శాతం చొప్పున పెరిగితే బిట్‌కాయిన్ మీద 33 శాతం నఫా, బుల్ టోకెన్ మీద దాదాపు 120 శాతం. 3 రెట్ల కంటే ఎక్కువే. కుర్రోళ్లు ఫోన్లలో చూపించుకునే స్క్రీన్‌షాట్లు ఇలాంటి రోజులవే. ధర ఊగడం మొదలైతే అదే చక్రం ఉల్టా తిరుగుతది. క్రిప్టోలో ఊగుడే ఎక్కువ.

కాబట్టి లిక్విడేషన్ లేదన్న మాటకు అసలు మత్లబ్ వేరు. ఒక్కసారి జరిగే పెద్ద జప్తుకు బదులు రోజూ చిన్న చిన్న జప్తులు. ఎఫ్‌టీఎక్స్ టోకెన్లలో ఇది రోజుకొకసారి ఖాయం చేసిన టైముకు జరిగేది. ధర మరీ పడితే మధ్యలోనూ జరిగేది. పైగా రోజుకు 0.03 శాతం నిర్వహణ రుసుము. వినడానికి చిల్లర లెక్క. 365తో గుణిస్తే ఏడాదికి దాదాపు 11 శాతం.

ముందే రాసి ఉన్న కాయితం

ఇదంతా క్రిప్టో వాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికా స్టాక్ మార్కెట్‌లో లీవరేజ్డ్ ఈటీఎఫ్‌లు 2006లోనే వచ్చినయ్, 2008లో 3 రెట్లవి వచ్చినయ్. 2009 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థలు ఎస్ఈసీ, ఫిన్రా కలిసి మదుపరులకు ఒక హెచ్చరిక జారీ చేసినయ్. అందులో ఒక నిజమైన ఉదాహరణ ఉంది. 2008 డిసెంబర్ 1 నుంచి 2009 ఏప్రిల్ 30 దాకా ఒక సూచీ సుమారు 8 శాతం పెరిగింది. దాని మీద 3 రెట్లు ఇస్తనన్న ఈటీఎఫ్ 53 శాతం పడింది. ఎదురు 3 రెట్లు ఇస్తనన్నది 90 శాతం పడింది. మనం పైన వేసిన హిసాబే, అసలు బాజార్‌లో.

పదేళ్ల తర్వాత అదే యంత్రాన్ని, ఇంకా ఎక్కువ ఊగే సరుకు మీద, చదవని జనానికి అమ్మిండ్రు.

పరీక్ష తొందరగానే వచ్చింది. 2020 మార్చి 12, 13 తారీఖుల్లో కోవిడ్ భయానికి బిట్‌కాయిన్ దాదాపు సగం కూలింది. అలాంటి పతనంలో టోకెన్‌కు ఏమైతదో కాయితం మీద చూడండి. పది శాతం చొప్పున ఏడుసార్లు పడితే 100 కాస్తా 48 అయితది. ప్రతిసారీ 30 శాతం పోగొట్టుకున్న బుల్ టోకెన్ 8 దగ్గర నిలబడుతది. మళ్లా పది శాతం చొప్పున ఏడుసార్లు లేస్తే బిట్‌కాయిన్ 93కు చేరుతది. టోకెన్ 52 దగ్గరే ఆగిపోతది. లిక్విడేషన్ అన్న మాట ఎక్కడా వినబడదు. జమాలో సగం మాత్రం ఉండదు.

ఆ ఏడాది మొదట్లో ఎఫ్‌టీఎక్స్ టోకెన్లను తన దగ్గర అమ్మకానికి పెట్టిన బైనాన్స్, మార్చి 31న వాటిని తీసేసింది. చాలామందికి ఇవి ఎట్ల పనిచేస్తయో అర్థం కావడం లేదన్నది అది చెప్పిన కారణం. మంచి మాటే. కానీ రెండు నెలలు తిరగకముందే, మే నెలలో, అదే బైనాన్స్ "బీటీసీ అప్", "బీటీసీ డౌన్" పేర్లతో సొంత టోకెన్లు తెచ్చింది. వాటిలో రోజూ ఒకే టైముకు రీబ్యాలెన్స్ ఉండదు, లీవరేజ్ కూడా ఒకే దగ్గర ఖాయంగా ఉండదు. జప్తు టైము ఎవరికీ ముందే తెలియకుండా ఉండాలని ఆ ఏర్పాటు. దాంతో కొన్నోడికి తన ఖర్జ్ ఈ రోజు ఎన్ని రెట్లన్నది కూడా తెలియకుండా పోయింది. 2024లో బైనాన్స్ ఆ టోకెన్లను కూడా మూసేసింది. బ్రిటన్ నియంత్రణ సంస్థ మాత్రం 2021 జనవరి 6 నుంచే క్రిప్టో డెరివేటివ్‌లను మామూలు జనానికి అమ్మకుండా ఆపింది.

తఖాజా ఎవరికి మాఫ్ అయింది

ఈ ఖిస్సాలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి 2022 నవంబర్‌లో బయటపడింది. ఆ నెల 11న ఎఫ్‌టీఎక్స్ దివాలా పిటిషన్ వేసింది. జనం దాచుకున్న సొమ్ములో సుమారు 8 బిలియన్ డాలర్ల లోటు తేలింది. బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌కే చెందిన అలమీడా రీసెర్చ్ అనే ట్రేడింగ్ కంపెనీ ఆ సొమ్మును వాడుకుంది. ఎట్ల వాడుకోగలిగింది? న్యూయార్క్ కోర్టులో తేలిందేమంటే, ఎఫ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో అలమీడా ఖాతాకు ప్రత్యేక రియాయత్ ఉంది. బాకీ సున్నా దాటి కిందికి పోయినా ఆ ఖాతాను యంత్రం లిక్విడేట్ చెయ్యదు. దానికి 65 బిలియన్ డాలర్ల దాకా వాడుకునే వెసులుబాటు పెట్టిండ్రు.

అంటే తఖాజా లేని ఖర్జ్ నిజంగానే ఉంది. అది జనం కొన్న టోకెన్‌లో లేదు, మాలిక్ సొంత కంపెనీ ఖాతాలో ఉంది. ఉర్దూలో దీనికి "అమానత్ మే ఖయానత్" అని పాత మాట ఉంది. దాచమని ఇచ్చినదాన్ని వాడుకోవడం. బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌ను 2023 నవంబర్‌లో జ్యూరీ దోషిగా తేల్చింది. 2024 మార్చిలో కోర్టు 25 ఏళ్ల సజా వేసింది.

మోహ్లత్

సాహుకార్‌ను వెనకేసుకురావడం నా మక్సద్ కాదు. తఖాజా ఎంత బెఇజ్జతీయో బస్తీలో పెరిగినోళ్లందరికీ తెలుసు. కానీ ఆ బెఇజ్జతీతో పాటు రెండు సంగతులు ఇంట్లోకి వచ్చేవి. ఒకటి ఇత్తిలా. తలుపు చప్పుడైతే ఇంట్లో అందరికీ తెలిసేది, కొడుకు ఎంత ఖర్జ్ చేసిండో అమ్మీకీ అబ్బాకూ ఆరోజే అర్థమయ్యేది. రెండు మోహ్లత్. మామూనో చాచానో మధ్యలో కూర్చుని సగం ఇప్పించి, మిగతా సగానికి గడువు అడిగేవాళ్లు. బిట్‌మెక్స్ యంత్రం మోహ్లత్ తీసేసింది. టోకెన్ ఇత్తిలా కూడా తీసేసింది. ఇంట్లో ఒకే మంచం మీద పక్కన కూర్చున్నోళ్లకు కూడా ఫోన్‌లో 100 కాస్తా 52 అయిన సంగతి తెలియదు. కొన్నోడికే సరిగ్గా తెలియదు, "కొద్దిగా డౌన్ ఉంది" అనుకుంటడు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, జూలై నుంచి సౌదా మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్ నుక్సాన్‌ను ఇంకో కాయిన్ నఫాలోంచి తీసెయ్యనియ్యరు. బుల్‌లో 60 సంపాదించి బేర్‌లో 60 పోగొట్టుకున్నోడి జేబులో మిగిలింది సున్నా, అయినా ఆ 60 నఫా మీద పన్ను కట్టాలె. క్రిప్టో సంగతి పక్కన పెట్టి, నియంత్రణ ఉన్న మన షేర్ బాజార్‌నే చూసినా లీవరేజ్ లెక్క ఇట్లనే ఉంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నుక్సాన్ పాలైండ్రని, ఆ నుక్సాన్ మొత్తం రూ.1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024 సెప్టెంబర్‌లో చెప్పింది.

ఎఫ్‌టీఎక్స్ పాయె, బైనాన్స్ టోకెన్లూ పాయె. సరుకు మాత్రం పోలేదు. వేరే ఎక్స్ఛేంజ్‌లలో, వేరే పేర్లతో ఇంకా అమ్ముతనే ఉన్నరు. తెలుగులో "సవాల్" అంటే తొడగొట్టడం, ఉర్దూలో సవాల్ అంటే వట్టి ప్రశ్న. మీ ఇంట్లో పిల్లగాడు ఇలాంటి టోకెన్ కొంటనంటే తొడగొట్టకండి, పక్కన కూర్చుని మూడు సవాళ్లు అడగండి. దీని లోపల ఖర్జ్ ఎంత, దాన్ని ఎవరు, ఏ టైముకు వసూలు చేసుకుంటరు? నెల రోజులు ధర పైకీ కిందికీ ఊగి మొదటి చోటికే వస్తే నా చేతిలో ఎంత మిగులుతది? అమ్మినోడే దివాలా తీస్తే ఈ టోకెన్ తీసుకుని ఎవరి తలుపు కొట్టాలె?

కాయితం, కలం ఇచ్చి రెండో సవాల్‌కు జవాబు అతనితోనే రాయించండి. 100తో మొదలుపెట్టి, 20 శాతం దించి, 25 శాతం ఎక్కించమనండి.